తమ్మి అన్న మాట

మా సంఘంలో ఒక కథ చెప్పుకుంటారు. కొత్తగా ఎవరైనా కుర్రవాడు చేరడానికి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెబుతారు. ఒక జిమ్ము పిల్లవాడు, ఒట్టి పొగరుబోతు, తల్లి శవాన్ని మోస్తున్న ఒక పెద్దమనిషిని నడిరోడ్డు మీద అందరి ముందూ అవమానించాడట. అంత దుఃఖంలోనూ ఆ పెద్దమనిషి ఓర్చుకున్నాడట. అందుకే సంఘం తన పాత పద్ధతి ఒకటి మార్చుకోవాల్సి వచ్చిందట. ఈ కాలం పిల్లలకు మందలింపు పడదు కాబట్టి అప్పటినుంచి వాళ్లు రావడం మానేశారట.

ఆ పెద్దమనిషిని నేనే. ఆ కథలో తల్లి శవం ఒక్కటే నిజం. మిగతాది నేను మొదలుపెట్టిన అబద్ధం. తర్వాత అందరూ తలా ఒక చెయ్యి వేసి పెంచారు.

మా తాతలు పల్లెల నుంచి కూలికి వచ్చి సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కిరాయి గదుల్లో ఉన్న రోజుల్లో పుట్టిన సంఘం ఇది. కిరాయి ఇంట్లో మనిషి చనిపోతే, శవం గడప దాటకముందే ఇల్లు కడగడానికి ఓనరు బకెట్టుతో నిలబడేవాడని మా నాయన చెప్పేవాడు. పైగా క్రైస్తవులం. వీధిలో భుజం పట్టేవాళ్లు లేరు. అందుకని మగవాళ్లంతా కలిసి ఒక మాట అనుకున్నారు. మనలో ఎవరు పోయినా, వాడికి అన్నదమ్ములున్నా లేకపోయినా, సమాధుల తోట దాకా మన భుజాల మీదే పోవాలి. రిజిస్టరైన పేరు ఏదో పొడుగ్గా ఉంటుంది. బయట అందరూ భుజం సంఘం అనే అంటారు.

ఆ సంఘానికి ఒక పద్ధతి ఉండేది. శవపెట్టె కింద ఉన్నవాడు అలసిపోయానని నోరు తెరిచి చెప్పకూడదు. పక్కన నడిచేవాడే అది కనిపెట్టి, ముందుకొచ్చి, పెట్టె కింద చెయ్యి పెట్టి, అందరికీ వినపడేలా "తమ్మీ, నా వంతు" అనాలి. మోస్తున్నవాడు మారుమాట్లాడకుండా తప్పుకోవాలి. అక్కడ వయసు లెక్కలోకి రాదు. ఇరవై ఏళ్లవాడు డెబ్బై ఏళ్లవాడిని తమ్మీ అంటాడు. కూలీ తన మేస్త్రీని అంటాడు, అల్లుడు తన మామని అంటాడు. బరువు కింద ఉన్నవాడే చిన్నవాడు, అందుకోవడానికి వచ్చినవాడే పెద్దవాడు. చిన్నవాడి మీద బరువు ఉంచి పెద్దవాడు చేతులూపుకుంటూ నడవకూడదు. పెట్టె కిందికి దిగాక మళ్లీ కాక కాకే, మామ మామే.

ఈ మాటలు రాస్తున్న తీరు చూసి నేను ఎక్కడివాణ్నో చెప్పడం కష్టం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అడ్మినిస్ట్రేషన్ చూస్తాను. ఓనరుది గుంటూరు వైపు. లెక్చరర్లు కూడా ఎక్కువమంది ఆ వైపువాళ్లే. చేరిన కొత్తలో నేను "ఏంది" అంటే వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కొన్నాళ్లకు "ఏంటి" అనడం నేర్చుకున్నాను. ఆ తర్వాత "ఏమండీ" కూడా వచ్చింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను సార్ అనేవాళ్లే చుట్టూ ఉండేవారు. సంఘంలో కూడా నా భాష చూసి, ఆఫీసుల్లో మాట్లాడగలడని నన్ను అధ్యక్షుణ్ని చేశారు.

అప్పటికే సంఘంలో మోకాళ్ల నొప్పులు లేనివాళ్లు తక్కువ. ఏ మీటింగు పెట్టినా ఒకటే పాట, యువకులు రావడం లేదు, ఏం చేద్దాం అని. నేను వాట్సాప్ గ్రూపు పెట్టాను. టీషర్టులు కుట్టించాను. సరూర్‌నగర్‌లో క్రికెట్ పోటీ పెడదామన్నాను.

మా కార్యదర్శి రిటైరైన బస్సు డ్రైవరు. నోరు తెరిస్తే హారను కొట్టినట్టే. "ప్రెసిడెంట్ సాబ్, క్రికెట్ ఆడుకుంట శవం మోస్తరా? ముసలోళ్లకు రన్నర్‌ను గూడ పెడదమా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు కోపం వచ్చింది కానీ ఆయనన్నది నిజమే. కుర్రవాళ్లు టీషర్టులు తీసుకుపోయారు. వాటిని బైకులు తుడిచేచోట చూశాను, చాట్ బండి దగ్గర చూశాను. చావింట్లో మాత్రం చూడలేదు.

అప్పుడొచ్చాడు వాడు, కథలోని ఆ జిమ్ము పిల్లవాడు. వాళ్ల నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ. మార్కెట్ అక్కడి నుంచి వెళ్లిపోయాక పని లేక, నడుము పోయి ఇంట్లోనే ఉంటున్నాడు. మా సంఘంలో పాత సభ్యుడు, నోట్లోంచి మాట రాని మనిషి. కొడుకు దానికి సరిగ్గా ఎదురు. ఎల్బీ నగర్‌లో ఒక జిమ్ములో ట్రైనరు. తండ్రి బలవంతం మీద ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మీటింగుకు వచ్చి, వెనక బెంచీలో కాళ్లు బారజాపి కూర్చున్నాడు.

"అంకుల్, తెల్వక అడుగుతున్న. మనిషి బతికున్నప్పుడు గీ సంఘం ఏం జేస్తది?" అన్నాడు.

"సచ్చినంక ఏం జేస్తదో ఫస్ట్ సూడు బిడ్డా," అన్నాడు కార్యదర్శి.

"అప్పుడెట్ల సూస్త కాకా? పెట్టెల ఉంట గద."

తండ్రి వాడి మోచేతిమీద కొట్టాడు. నేను లేచి, ఆ రోజు వచ్చిన కుర్రవాళ్లందరికీ కలిపి సంఘం ఎలా పుట్టిందో చెప్పాను. ఆ మాట గురించి కూడా చెప్పాను. నాకు బాగా మాట్లాడటం వచ్చు కదా, ఇంకాస్త బాగా చెప్పాను. పెట్టె కింద ఉంటే నన్నైనా సరే తమ్మీ అనాల్సిందే, అనకపోతే తప్పు, అన్నాక తప్పుకోకపోతే ఇంకా పెద్ద తప్పు అన్నాను. కార్యదర్శి నా పక్కనే కూర్చుని తలూపుతున్నాడు.

వాడు కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు. "అంటే ఈ కాకను గూడ అనొచ్చా?"

"పెట్టె కింద ఉన్నప్పుడే."

"అయితే కాకా, జర జల్ది రా పెట్టె కిందికి."

హాలంతా గొల్లున నవ్వింది. కార్యదర్శి ఒక్కడే నవ్వలేదు.

మీటింగు తర్వాత గేటు దగ్గర వాడు నన్ను ఆపాడు. "మీ టీషర్టులు బేకార్ సార్. గీ ముచ్చట ముందే చెప్పకపోయిన్రు? పొద్దంత మేము అందరికి సార్, మేడమ్, అన్నా అనుకుంటనే బతుకుతం. మా జిమ్ములకు పద్దెనిమిదేండ్ల పోరడొస్తడు, పైసలున్నోని కొడుకు. వాని షూ లేసు గూడ నేనే కట్టాలె. గసుంటిది, ఒక్కకాడనన్న పెద్ద సార్‌ను పట్టుకొని తమ్మీ, ఇగ నువ్వు తప్పుకో, నేనున్న అనొచ్చు. మస్తుంది. పోరగాళ్లు ఒస్తరు సూడున్రి."

నిజంగానే వచ్చారు. బైకుల మీద తిండి డెలివరీ చేసేవాళ్లు, ఫోన్లు రిపేరు చేసేవాళ్లు, ఇంకా ఏ పనీ దొరకనివాళ్లు. నేను ఏళ్ల తరబడి చేయలేనిది వాడు ఒక వర్షాకాలంలో చేశాడు. ఎత్తు సరిచూసి జతలు కట్టాడు, పెట్టె ఒక పక్కకు వాలకుండా. జిమ్ములో చెక్క బల్లమీద ఇనుప బిళ్లలు పెట్టి భుజం మార్చడం ప్రాక్టీసు చేయించాడు.

"శవం లేపనీకి రిహార్సలా? థూ," అన్నాడు కార్యదర్శి.

"నీకే కాకా. నువ్వు జర బరువున్నవ్ గద," అన్నాడు వాడు.

ఇద్దరికీ పడేది కాదు. ముసలివాళ్లలో చాలామందికి వాడంటే పడేది కాదు. వాళ్లు భుజం పెట్టీపెట్టకముందే ఎవరో ఒక కుర్రవాడు వచ్చి తమ్మీ అనేవాడు. పైకి నియమం. లోపల వాళ్లకి, నీకు చేతకాదు అన్నట్టు వినపడేది. నాకు అప్పట్లో అదంతా వినోదంగానే ఉండేది. నన్ను ఇంకా ఎవరూ అనలేదు కదా.

అమ్మ నిద్రలోనే పోయింది. ఆమె గురించి ఇక్కడ ఎక్కువ రాయను. ఆమెను అడ్డం పెట్టుకుని ఇప్పటికే చాలా తప్పించుకున్నాను.

చర్చిలో ప్రార్థన అయ్యేసరికి కోచింగ్ సెంటర్ ఓనరు, ఇద్దరు లెక్చరర్లు వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. తెల్లచొక్కాలు, నల్లకళ్లద్దాలు. నేను పెట్టె ముందు కుడివైపు భుజం పెట్టాను. ఓనరు నా పక్కనే నడుస్తూ, "అయ్యో, ఇదేంటండీ, మీరే మొయ్యాలా? బండి పెట్టుకోలేదా?" అన్నాడు. జాలిగానే అన్నాడు. ఆ జాలి నాకు చెంప మీద పడినట్టనిపించింది. మెయిన్ రోడ్డుకి వచ్చేసరికి ట్రాఫిక్ ఆగింది. మెట్రో పిల్లర్ల కింద బస్సులోంచి జనం తొంగి చూస్తున్నారు. ఓనరు ఇంకా పక్కనే ఉన్నాడు. నా భుజం మండిపోతోంది. ఊపిరి పైకి కొడుతోంది. అది చూసేవాళ్లకి తెలుస్తూనే ఉంటుంది.

వాడు చూశాడు. వెనకనుంచి వచ్చి, పెట్టె కింద చెయ్యి పెట్టి, నియమం ప్రకారం గొంతు పెంచి అన్నాడు.

"తమ్మీ, నా వంతు."

ఓనరు తల తిప్పి వాడి వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

నేను కదల్లేదు. ట్రాఫిక్ గోలలో వినపడలేదనుకున్నాడేమో, ఇంకా గట్టిగా అన్నాడు. "తమ్మీ! నా వంతు!"

"ఎవడ్రా నీకు తమ్ముడు?" అన్నాను. "నీ వయసెంత, నా వయసెంత? తల్లిని మోస్తున్నవాడితో మాట్లాడే పద్ధతేనా ఇది? పో అవతలకి!" అంటూ మోచేత్తో వాడి రొమ్ము మీద పొడిచాను.

పెట్టె వాలింది. పైన కప్పిన తెల్లగుడ్డ జారింది. పూలదండ రోడ్డు మీద పడింది. వాడు వెనక్కి తూలుతూ కూడా పెట్టె కింద పెట్టిన చెయ్యి తీయలేదు. అది నిలబడ్డాకే తీశాడు. నా మొహంలోకి చూసి వెనక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత సమాధుల తోట దాకా నా దగ్గరికి ఎవ్వరూ రాలేదు. ముసలివాళ్లు రాలేరు, కుర్రవాళ్లు రారు. అంత దూరమూ నేనే మోశాను. కొడుకంటే అలా ఉండాలని మా బంధువులు ఇప్పటికీ మెచ్చుకుంటారు.

భూస్థాపన అయ్యాక ఓనరు నా చెయ్యి పట్టుకుని, "ఈ రోజుల్లో కుర్రాళ్లకి బొత్తిగా మర్యాద లేకుండా పోయిందండీ," అన్నాడు.

"అవునండీ," అన్నాను.

దుఃఖంలో నోరు జారానని నా తరఫున చాలామంది చెప్పారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. దుఃఖం కాదు. ఆ క్షణంలో నా మనసులో అమ్మ లేదు. ఓనరు విన్నాడా లేదా అన్నదే ఉంది. రోజంతా నన్ను సార్ అనే లోకం ముందు, ఒక హమాలీ కొడుకు నన్ను తమ్మీ అన్నాడు. అంతే.

తర్వాతి ఆదివారం మీటింగు. కార్యదర్శి అప్పటికే తయారై వచ్చాడు. వాడు కుర్రవాళ్లందరితో వచ్చి వెనక నిలబడ్డాడు. వాడి తండ్రి ముందు బెంచీ చివర కూర్చున్నాడు, నడుముకు బెల్టు పెట్టుకుని.

"తల్లి సచ్చి ఏడుస్తున్న మనిషిని పట్టుకొని తమ్మీ అంటవా? సిగ్గు లేదా?" అన్నాడు కార్యదర్శి.

"రూలే గది కాకా."

"రూలా? నాకే రూల్స్ చెప్తవా?"

వాడు నావైపు తిరిగాడు. "సార్, మీరే చెప్పిన్రు గద. అనకపోతే తప్పన్నరు. మీరే చెప్పున్రి."

హాలంతా నావైపు చూసింది. ఒక్క మాటతో అయిపోయేది. అవును, నేనే చెప్పాను, నాదే తప్పు అంటే సరిపోయేది. వాడు కూడా అక్కడితో వదిలేసేవాడు, ఒకట్రెండు రోజులు నన్ను ఏడిపించేవాడు.

"సందర్భం చూసుకోవాలని కూడా చెప్పాను," అన్నాను.

"ఎప్పుడు చెప్పిన్రు?"

"చెప్పాను. నువ్వు సరిగ్గా వినలేదు."

"అబద్ధం. సార్, అబద్ధమాడుతున్నరు మీరు."

అంతే, ముసలివాళ్లంతా లేచారు. ప్రెసిడెంటును అబద్ధాలకోరంటాడా అని ఒకరు, బయటికి గెంటండి అని ఒకరు. కార్యదర్శి ముందు బెంచీ వైపు వేలు చూపించాడు. "వాన్ని అని ఏం లాభం? పెంచినోన్ని అనాలె. బస్తాలు మోసుడు తప్ప కొడుకును పెంచుడు రాలే ఈయనకు."

ఆ తండ్రి నావైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన మెల్లగా లేచి, బెంచీ పట్టుకుని నిలబడి, బయటికి నడిచాడు. కొడుకు పరుగెత్తి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి మా అందరినీ చూసి, "మంచిగుండున్రి అన్నలూ," అన్నాడు. అన్నలూ అన్న మాట తిట్టులా వినపడటం అదే మొదటిసారి. కుర్రవాళ్లంతా వాళ్ల వెనకే వెళ్లిపోయారు.

అదే మీటింగులో పద్ధతి మార్చాం. ఇకనుంచి పెట్టె కింద "బ్రదర్" అనాలి. ఎవరూ ఎదురు చెప్పలేదు. బ్రదర్ అంటే అన్నో తమ్ముడో తేలదు. ఎవరూ చిన్నవాళ్లు కానక్కర్లేదు. అందుకే అందరికీ నచ్చింది.

ఆ తర్వాత కుర్రవాళ్ల కోసం మేం చేసిన మీటింగులు చూస్తే నవ్వొస్తుంది. ఫోన్లు పాడుచేశాయన్నాం. సినిమాలు పాడుచేశాయన్నాం. ఎవరో ఒక మోటివేషన్ స్పీకర్ని పిలిపించాం. యువతకు సంఘాన్ని ఎలా దగ్గర చేయాలి అన్న అంశం మీద నేనే ఒకసారి ఉపన్యాసం ఇచ్చాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. వచ్చినవాళ్లని తరిమేసి, ఎందుకు రావడం లేదని చర్చించుకునే మగవాళ్లని చూడాలంటే మా హాలుకి రావాలి. ఒకసారి మూసారాంబాగ్ దగ్గర పెట్టె మోయలేక రోడ్డు పక్కన ఒక పంక్చర్ షాపు బల్ల మీద దించాం. చనిపోయినాయన కొడుకు మా వైపు చూడకుండా ఫోన్ తీసి అంబులెన్స్ కోసం వెతికాడు.

కార్యదర్శి మాత్రం కొత్తగా ఎవరొచ్చినా ఆ కథ చెబుతూనే ఉన్నాడు. నేను పక్కన ఉంటే, "అడగున్రి, ఈయన్నే అడగున్రి," అనేవాడు. నేను తలూపేవాడిని. చివరికి, శవాలు మోయడం మానేసి ఒక బండి కొనుక్కుందామన్న ప్రతిపాదన వచ్చింది. దానికి కారణంగా ఆయన చెప్పింది కూడా ఆ కథే. పెంపకం సరిలేని పోరగాళ్ల వల్ల సంఘం ఈ గతికి వచ్చిందట. ఆ మాట విన్నాక ఇంటికి పోకుండా ఎల్బీ నగర్ వెళ్లాను.

జిమ్ము మధ్యాహ్నం ఖాళీగా ఉంది. వాడు అద్దాలు తుడుస్తున్నాడు. అద్దంలోనే నన్ను చూశాడు, తిరగలేదు.

"మోకాళ్ల నొప్పులోళ్లకు పొద్దుగాల బ్యాచ్ ఉంటది," అన్నాడు.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను."

"ఈడనా?" అన్నాడు, అప్పుడు తిరిగాడు. "తిట్టింది నడిరోడ్డు మీద. అబద్ధమాడింది మీటింగుల. సారీ మాత్రం ఖాళీ జిమ్ముల. మంచిగుంది సార్ మీ కత."

"నాన్నగారెలా ఉన్నారు?"

వాడు చేతిలో గుడ్డ పిండాడు. "పోయిన ఎండాకాలం సచ్చిపోయిండు," అన్నాడు.

సంఘం సభ్యుడు. మా తాతలు మాట ఇచ్చుకున్నాక, మా భుజం లేకుండా పోయిన సభ్యుడు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

"మాకెవరూ చెప్పలేదు," అన్నాను.

"నేనే చెప్పనియ్యలే. ఆ మీటింగు అయినప్పటి సంది చర్చికే పోవుడు బంద్ జేసిండు మా బాపు. ఎవ్వరన్న పిలిస్తే, నాకు పెంచుడు రాదంట గద, నేనెందుకు అనెటోడు. నన్ను ఏమనలే ఒక్కనాడు గూడ. నాకు గదే ఎక్కువ కాల్తది. మేమే మోసినం. జిమ్ము దోస్తులు, గా పోరగాళ్లు అందరు. మీ రూలుతోనే మోసినం. మీరు పారేసిన్రు గద, మేం ఏరుకున్నం."

"నేనేం చెయ్యాలి?"

"నాకేం జేస్తరు మీరు? నాకేమొద్దు. మా బాపు మీద వడ్డ మాట తియ్యున్రి. ఏడ వడ్డదో ఆడనే తియ్యున్రి. ఇగ పోన్రి, నాకు పనుంది."

బండి మీటింగు రోజు హాలు నిండింది. మోసేటప్పుడు రానివాళ్లు కూడా ఓటుకి వచ్చారు. ఎజెండా మొదలు కాకముందే లేచి చెప్పాను. ఆ రోజు వాడు నియమం ప్రకారమే అన్నాడు. నేర్పింది నేనే. సందర్భం చూసుకోవాలని నేను చెప్పలేదు. అది ఈ హాల్లో నిలబడి ఆడిన అబద్ధం. వాడి తండ్రి పోయాడు, ఆ మాట మోసుకునే పోయాడు. సంఘం తరఫున ఆ ఇంటికి వెళ్లి, మాదే తప్పు అని చెప్పాలి.



"గిప్పుడెందుకు ప్రెసిడెంట్ సాబ్ ఈ లొల్లి?" అన్నాడు కార్యదర్శి. "మీరు చెప్పిన్రు, మేం నమ్మినం. మా తప్పేముంది?"

"మీరు నమ్మలేదు కాకా. నేను వాళ్లకి ఆ మాట నేర్పినప్పుడు మీరు నా పక్కనే కూర్చుని తలూపుతున్నారు. ఈ హాల్లో ఉన్న అందరికీ ఆ నియమం చిన్నప్పటినుంచి తెలుసు. నేను అబద్ధం ఆడుతున్నానని ఆ రోజు తెలియనివాళ్లు ఒక్కరుంటే చెయ్యెత్తండి."

ఎవరూ ఎత్తలేదు. అక్కడిదాకా నేను ఆలోచించి రాలేదు. మాట్లాడుతుంటే నాకే తెలిసింది. అందరం కలిసే ఆడాం ఆ అబద్ధం.

కార్యదర్శి మొహం ఎర్రబడింది. "అవు, తెల్సు. అయితే ఏంది? నలభై ఏండ్లు బస్సు నడిపిన నేను. మోకాళ్లు పోయినయ్. గా పోరడు నన్ను జూసి తమ్మీ అన్నప్పుడల్ల నవ్వెటోడు. కండ్లల్ల నవ్వెటోడు. మీకేం ఎరుక? మిమ్మల్ని ఒక్కసారంటే రోడ్డు మీద పొడిచిన్రు. నన్ను ఎన్నిసార్లన్నడు!"

వాడు నవ్వేవాడన్నది నిజమే.

"అయినా సచ్చినోనికి క్షమాపణ ఏంది? మీ పాపం కడుక్కోనీకి మమ్మల్నెందుకు గుంజుతరు? ఎజెండాకు రాన్రి," అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన. మరికొందరు అవునన్నారు. సంఘం తరఫున ఎవరూ ఆ ఇంటికి పోనక్కర్లేదని చేతులెత్తి తేల్చేశారు. తర్వాత బండి సంగతి వచ్చింది. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

"ఇన్ని నీతులు చెప్పి బండికే చెయ్యెత్తినవా?" అన్నాడు కార్యదర్శి. మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు.

"మోసేవాళ్లు ఎల్బీ నగర్‌లో ఉన్నారు. మనకు బండే గతి," అన్నాను. అక్కడే రాజీనామా ఇచ్చాను. వద్దన్నవాళ్లు లేరు.

బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. సంఘం ఒప్పుకోలేదని కూడా చెప్పాను.

"మీరైతే చెప్పిన్రా?"

"చెప్పాను."

"అందరు విన్నరా?"

"విన్నారు."

"మరి మా అమ్మ వినలే గద," అన్నాడు. "గడ్డిఅన్నారంల అదే ఇల్లు. మీరంటే తలుపు తియ్యదు. ముందే చెప్తున్న." పెట్టేశాడు.

అటునుంచి అటే వెళ్లాను. ఇరుకు సందు, ఎదురెదురు గడపలు. తలుపు కొట్టి నేనెవరో చెప్పాను. లోపల టీవీ ఆగింది. గొళ్లెం కదల్లేదు. తలుపు వైపు చూసి మాట్లాడాను. మీ ఆయన పెంపకంలో తప్పు లేదమ్మా, మీ అబ్బాయి మేం నేర్పిందే చేశాడు, అబద్ధం ఆడింది నేను అన్నాను. ఎదురింటావిడ గడపలోకి వచ్చి నిలబడింది. పక్కింటి మగమనిషి లుంగీ సర్దుకుంటూ వచ్చి, "ఏందన్నా, ఏమైంది?" అన్నాడు. ఆయనకీ వినపడేలా మళ్లీ మొదటినుంచి చెప్పాను.